గాలిలో పుట్టిన కార్బన్-14 సముద్రం అడుగుకి ఎలా చేరుతుంది? మన లాప్‌టాప్‌లోనే మోడల్ కట్టే పద్ధతి

ఒంగోలులో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్తుంటాను. ప్రాజెక్టుల సీజన్ వచ్చిందంటే కొత్తపట్నం ఒడ్డునో మైపాడు ఒడ్డునో ఏరిన గవ్వలు పట్టుకొచ్చి "సార్, వీటికి కార్బన్ డేటింగ్ చేయిస్తే వయసు తెలుస్తుందా" అని అడిగేవాళ్ళు ఉంటారు. తెలుస్తుంది గానీ, ల్యాబ్ ఇచ్చే అంకెలో సముద్రం సొంత వయసు కూడా కలిసి ఉంటుంది. ఈరోజు సముద్రంలో బతికున్న గవ్వని తీసుకెళ్ళినా, అణుబాంబుల గోల లేని కాలమైతే, దానికి నాలుగైదు వందల ఏళ్ళ వయసు చూపించేది. ఎందుకో అర్థం కావాలంటే ఎన్ని వ్యాసాలు చదివినా లాభం లేదు, ఒకసారి మోడల్ కట్టి చూడాలి. సూపర్ కంప్యూటర్ ఏమీ అక్కర్లేదు. ఇంటర్ లెక్కలు, లిబ్రె ఆఫీస్ కాల్క్ లాంటి స్ప్రెడ్‌షీట్ చాలు, చివర్లో కొంచెం పైథాన్ వస్తే ఇంకా మంచిది.

ముందే ఒక మాట. ఈ మోడల్‌ని రెండు గడియారాలతో సరిచూడాలి. ఒకటి వేల ఏళ్ళ గడియారం, అంటే సహజంగా పుట్టి నెమ్మదిగా క్షయమయ్యే కార్బన్-14. రెండోది 1950, 60లలో బాంబు పరీక్షలు గాల్లోకి ఒక్కసారిగా గుప్పించిన కార్బన్-14, ఇది పదేళ్ళ లెక్కలో నడిచే గడియారం. మొదటిదానికి సరిపోయిన మోడల్ రెండోదానికి సరిపోకపోవచ్చు, మామూలుగా సరిపోదు కూడా. అసలు నేర్చుకునేదంతా అక్కడే ఉంది కాబట్టి మొదటి గ్రాఫ్ బాగా వచ్చిందని సంబరపడి ఆపేయకండి.

కొలమానం సంగతి ముందు తేల్చుకోండి

పైనుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు గాలిలో న్యూట్రాన్లని పుట్టిస్తాయి, ఆ న్యూట్రాన్ నైట్రోజన్-14ని కొడితే ఒక ప్రోటాన్ ఎగిరిపోయి కార్బన్-14 మిగులుతుంది, అది వెంటనే ఆక్సిజన్‌తో కలిసి చివరికి కార్బన్ డయాక్సైడ్ అయిపోయి మిగతా కార్బన్‌తో పాటే తిరుగుతుంది. అర్ధజీవిత కాలం, అంటే సగం క్షయమైపోవడానికి పట్టే కాలం, 5730 ఏళ్ళు. మోడల్‌లో వాడాల్సిన క్షయ రేటు దీన్నుంచే వస్తుంది: 5730ని 0.6931తో (2 సహజ లాగరిథమ్) భాగిస్తే 8267, 1ని 8267తో భాగిస్తే ఏడాదికి 0.000121.

ఇక్కడ ఒక పేచీ ఉంది. ల్యాబ్ రిపోర్టుల్లో రేడియోకార్బన్ (అంటే కార్బన్-14) వయసు లెక్కకి 8267 వాడరు, 8033 వాడతారు. కార్బన్ డేటింగ్ మొదలుపెట్టిన విల్లార్డ్ లిబ్బీ తొలి రోజుల్లో అర్ధజీవిత కాలాన్ని 5568 ఏళ్ళు అనుకున్నాడు, ఆ తర్వాత సరైన విలువ తెలిసినా పాత రిపోర్టులతో గందరగోళం రాకూడదని వయసు లెక్కకి పాతదే ఉంచేశారు. కాబట్టి మోడల్ లోపల క్షయానికి 8267, బయటికి వయసుగా చెప్పేటప్పుడు 8033. ఈ రెండూ కలిపేస్తే మూడు శాతం తేడా వస్తుంది, అది ఎక్కడినుంచి వచ్చిందో వెతుక్కోవడానికి వారం పోతుంది.

పరమాణువులు లెక్కపెట్టకండి. ఇప్పటి కార్బన్‌లో కార్బన్-14 వాటా లక్ష కోట్లలో ఒకటి కంటే కాస్త ఎక్కువ, అలాంటి అంకెలు స్ప్రెడ్‌షీట్‌లో పెడితే సున్నాలు చూసే కళ్ళు పోతాయి. ప్రామాణిక నిష్పత్తిని 1 అనుకుని, ప్రతిచోటా "ప్రామాణికంతో పోలిస్తే ఎంత" అనే సంఖ్య మాత్రమే పెట్టుకోండి. దీన్ని ఇక్కడ నిష్పత్తి అంటాను. గాలి 1.00, లోతు సముద్రం 0.84, బొగ్గు, పెట్రోలు సున్నా. ల్యాబులు రాసే డెల్టా విలువ, అంటే ప్రామాణికంతో తేడా వెయ్యికి ఎంత అన్నది, కావాలంటే ఇందులోంచి 1 తీసేసి వెయ్యితో గుణించండి. 0.84 అంటే మైనస్ 160 పర్ మిల్ (వెయ్యికి 160 తక్కువ). మోడల్‌లో గాలి, నేల, సముద్రం పొరలు ఒక్కొక్కటీ ఒక పెట్టె. పెట్టెలో ఉన్న కార్బన్ మొత్తాన్ని గిగాటన్నుల్లో (వంద కోట్ల టన్నులు ఒక గిగాటన్ను) పెట్టి నిష్పత్తితో గుణిస్తే ఆ పెట్టెలో ఉన్న కార్బన్-14 నిల్వ వస్తుంది.

ఇంకో సదుపాయం. కార్బన్ డయాక్సైడ్ గాలినుంచి నీళ్ళలోకి, ఆకులోకి వెళ్ళేటప్పుడు ఐసోటోపుల (ఒకే మూలకానికి వేర్వేరు బరువులున్న రూపాలు) పాళ్ళు కొంచెం మారతాయి. ల్యాబులు కార్బన్-13 కొలిచి ఆ తేడాని ముందే సవరించి డెల్టా ఇస్తాయి. అందుకని మోడల్‌లో ఆ సంగతి పూర్తిగా వదిలేయొచ్చు. పెడితే రెండుసార్లు సవరించినట్టు అవుతుంది.

నాలుగు పెట్టెలు

మన గొలుసుకట్టు చెరువుల్లాగా అనుకోండి, ఒక చెరువు నిండి తూము ద్వారా ఇంకో చెరువులోకి పోతుంది. తేడా ఏంటంటే ఇక్కడ ప్రతి తూము రెండు వైపులా పారుతుంది. ఎంత పోతుందో దాదాపు అంతే తిరిగి వస్తుంది, అయితే వెళ్ళే నీళ్ళలో రంగు ఎక్కువ, వచ్చే నీళ్ళలో రంగు తక్కువ. మనం లెక్కపెట్టేది ఆ రంగుని.

పారిశ్రామిక యుగానికి ముందు లెక్క ఇలా పెట్టుకోండి. గాలి 600 గిగాటన్నుల కార్బన్ (280 పీపీఎం, అంటే గాలి పది లక్షల వంతుల్లో 280 వంతులు, ఒక పీపీఎంకి 2.12 గిగాటన్నులు). నేలమీద చెట్లూ మట్టీ కలిపి 2000. సముద్రం పై పొర, 75 మీటర్లు అనుకుంటే, సుమారు 664. ఇది ఎలా వచ్చిందో మీరే చూసుకోవచ్చు: సముద్రాల విస్తీర్ణం 36 కోట్ల చదరపు కిలోమీటర్లు, ఘనపు మీటరు ఉప్పునీటిలో కరిగిన కార్బన్ రెండు మోల్‌లు చిల్లర. లోతు సముద్రం 37,000. అంటే గాలిలో ఉన్నదానికి అరవై రెట్లు అడుగున ఉంది. ఈ ఒక్క అంకె మిగతా కథ మొత్తాన్ని నడిపిస్తుంది.

ఇక ప్రవాహాలు. గాలికీ నేలకీ మధ్య ఏడాదికి 60 గిగాటన్నులు అటూ 60 ఇటూ. గాలికీ సముద్రం పై పొరకీ మధ్య 70 అటూ 70 ఇటూ. పై పొరకీ లోతుకీ మధ్య ఎంత? అది తెలియదు అనుకుందాం, దాన్ని కార్బన్-14 చేతే చెప్పిద్దాం.

కాగితం మీద నిలకడ స్థితి

కంప్యూటర్ ముట్టుకోకముందు ఇది చేయండి. చాలామంది పిల్లలు ఈ మెట్టు దాటేసి నేరుగా కోడ్ రాసేస్తారు, తర్వాత కోడ్ తప్పో భౌతికశాస్త్రం తప్పో తేల్చుకోలేక టెన్షన్ పడతారు.

వేల ఏళ్ళు ఏ మార్పూ లేకపోతే, ప్రతి పెట్టెలోకి నికరంగా వచ్చే కార్బన్-14, అందులో క్షయమయ్యే దానికి సమానం. లోతు సముద్రంలో నిష్పత్తి సగటున 0.84 అని కొలతలు చెప్తాయి. 1972 నుంచి 1978 దాకా జియోసెక్స్ అనే పెద్ద సర్వేలో ఓడలు మహాసముద్రాలన్నీ తిరిగి నీళ్ళు తోడుకొచ్చాయి, అలాంటి కొలతల పుణ్యమే ఇది. అట్లాంటిక్ లోతుల్లో డెల్టా మైనస్ 70, 80 దగ్గర ఉంటే ఉత్తర పసిఫిక్ లోతుల్లో మైనస్ 230 దాటి ఉంటుంది, మనం వాడేది అన్నిటి సగటు.

లోతులో ఏటా క్షయమయ్యేది: 0.000121 × 37,000 × 0.84 = 3.76. ఇదంతా పై పొర ద్వారానే రావాలి, పై పొర తన సొంత క్షయం 0.08 కూడా కలుపుకోవాలి. మొత్తం 3.84. ఇదంతా గాలినుంచి రావాలి. గాలినుంచి 70 గిగాటన్నులు నిష్పత్తి 1తో దిగుతున్నాయి, 70 గిగాటన్నులు పై పొర నిష్పత్తితో ఎక్కుతున్నాయి. కాబట్టి తేడా 3.84ని 70తో భాగిస్తే 0.055. పై పొర నిష్పత్తి 0.945.

దాన్ని వయసుగా మార్చండి: 0.945 సహజ లాగరిథమ్ తీసి మైనస్ 8033తో గుణిస్తే సుమారు 450 ఏళ్ళు. గవ్వలో దూరే ముసలితనం ఇదే. గవ్వకి ఏమీ కాలేదు, అది పెంకు కట్టుకున్న నీళ్ళే గాలితో పోలిస్తే పాతవి. లోతునుంచి పాత కార్బన్ పైకి వస్తూనే ఉంటుంది, గాలి దాన్ని పూర్తిగా కొత్తది చేసేలోపు మళ్ళీ కిందికి పోతుంది.

ఇప్పుడు తెలియని ప్రవాహం. 3.76ని (0.945 − 0.84)తో భాగిస్తే ఏడాదికి సుమారు 36 గిగాటన్నులు. 37,000ని 36తో భాగిస్తే వెయ్యేళ్ళ చిల్లర. సముద్రం అడుగు నీళ్ళు ఒకసారి మారడానికి వెయ్యేళ్ళు పడుతుందని పుస్తకాల్లో చదువుతామే, అది ఇలా మూడు భాగహారాల్లో వచ్చేసింది. 1957లో హార్మన్ క్రెయిగ్, అదే ఏడాది ఆర్నాల్డ్, ఆండర్సన్, రెవెల్, స్యూస్ కూడా ఈ తరహా పెట్టెల లెక్కలతోనే మొదలుపెట్టారు. అప్పటికి వాళ్ళ చేతిలో సముద్రపు కొలతలు బహు తక్కువ.

చివరి తనిఖీ ఉత్పత్తి. నేలలో క్షయం 0.24, గాలిలో 0.07, సముద్రంలో 3.84, మొత్తం ఏడాదికి 4.15 గిగాటన్నుల "ప్రామాణిక కార్బన్"కి సమానమైన కార్బన్-14 పుట్టాలి. కిలోల్లోకి మారిస్తే ఏడాదికి అయిదున్నర ఆరు కిలోల మధ్య. భూమి మొత్తానికి అంతే! భూమి ఉపరితలం మీద చదరపు సెంటీమీటరుకి సెకనుకి ఒకటిన్నర పరమాణువు. కాస్మిక్ కిరణాల వైపునుంచి లెక్క వేసినవాళ్ళకి ఇది కాస్త ఎక్కువగా, 1.6 నుంచి 2 మధ్య వస్తుంటుంది. మనం సముద్రపు అడుగు మట్టిలో పూడిపోయేదాన్ని లెక్కపెట్టలేదు కాబట్టి ఈ తేడాకి కంగారు పడక్కర్లేదు. మీకు పదిరెట్లు తేడా వస్తే మాత్రం యూనిట్లు మళ్ళీ చూడండి. ఈ కాస్మిక్ కిరణాల వైపు పనిలో మన దేశం పేరు గట్టిగా వినిపిస్తుంది. ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్‌లో దేవేంద్ర లాల్, బెర్నార్డ్ పీటర్స్ ఇలా పుట్టే ఐసోటోపుల మీద చేసిన పనిని ప్రపంచమంతా వాడుకుంటుంది.

కాలంలో నడిపించడం

స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో వరస ఒక్కో నెల. నాలుగు పెట్టెలకి నాలుగు నిలువు గడులు కార్బన్ మొత్తానికి, ఇంకో నాలుగు కార్బన్-14 నిల్వకి, ఇంకో నాలుగు నిష్పత్తికి. సూత్రం ఒకటే: కొత్త నిల్వ అంటే పాత నిల్వకి, ఆ నెలలో వచ్చింది కలిపి పోయింది తీసేసి క్షయం తీసేసింది. ప్రతి ప్రవాహమూ తాను బయల్దేరిన పెట్టె నిష్పత్తిని మోసుకెళ్తుంది, చేరే పెట్టెది కాదు. ఈ ఒక్క వాక్యం గోడ మీద రాసిపెట్టుకోండి. ఏడాది ప్రవాహాలని పన్నెండుతో భాగించడం మరవద్దు.

1850 నుంచి 2020 దాకా రెండువేల చిల్లర వరసలు, మామూలు లాప్‌టాప్ దీనికేమీ మొరాయించదు. మొదటి వరసలో కాగితం మీద వచ్చిన నిలకడ విలువలు పెట్టండి. గాలి పెట్టెలో సహజ ఉత్పత్తి (ఏడాదికి 4.15) మాత్రం పోస్తూ, ఇంకేమీ కలపకుండా అలాగే నడిపితే గీతలు బల్లపరుపుగా ఉండాలి. కొంచెం జారుతున్నా సరే ఎక్కడో ఒక ప్రవాహం ఒకవైపే వెళ్తోందన్నమాట. అన్నీ 1తో మొదలుపెట్టి నిలకడకి వచ్చేదాకా నడిపిద్దాం అనుకుంటే మాత్రం వేల ఏళ్ళు నడపాలి, లోతు సముద్రం అంత తొందరగా మాట వినదు.

బొగ్గు కలపడం, చాలామంది తడబడే చోటు

బొగ్గు, చమురు కోట్ల ఏళ్ళనాటివి, వాటిలో కార్బన్-14 ఎప్పుడో పోయింది. కృష్ణపట్నం దగ్గర థర్మల్ కేంద్రాల చిమ్నీలోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌లో నిష్పత్తి సున్నా. అది గాలిలో కలిస్తే గాలి నిష్పత్తి పలచబడుతుంది. 1955లో హాన్స్ స్యూస్ చెట్ల వలయాల్లో దీన్ని పట్టుకున్నాడు కాబట్టి స్యూస్ ప్రభావం అంటారు.

1950 నాటికి ప్రపంచం మొత్తం మీద కాల్చిన శిలాజ ఇంధనం 60 గిగాటన్నుల కార్బన్ చిల్లర. 600లో 60 కలిస్తే నిష్పత్తి 0.909కి, అంటే మైనస్ 90 పర్ మిల్‌కి పడిపోవాలి. చెట్ల వలయాల్లో కనిపించిన పతనం సుమారు 20 మాత్రమే. మిగతాది ఏమైంది? గాలి ఏటా 130 గిగాటన్నులు నేలతోనూ సముద్రంతోనూ మార్చుకుంటోంది కదా, పలచబడ్డ కార్బన్ అటు వెళ్ళి, పలచబడని కార్బన్ ఇటు వచ్చింది. మీ మోడల్ కూడా ఈ 20 చుట్టుపక్కలకి రావాలి. 90 వస్తే మార్పిడి పనిచేయట్లేదు, 5 వస్తే మరీ ఎక్కువగా పనిచేస్తోంది.

ఇప్పుడు తడబాటు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే సముద్రం ఎంత తీసుకోగలదు? గాలి 10 శాతం పెరిగితే పై పొరలో కరిగిన కార్బన్ 10 శాతం పెరగదు, సుమారు 1 శాతమే పెరుగుతుంది. దీన్నే రెవెల్ ఫ్యాక్టర్ అంటారు, విలువ 10 దగ్గర. ఉప్పునీటి రసాయనం కార్బొనేట్, బైకార్బొనేట్‌ల మధ్య సర్దుబాటు చేసుకుంటూ కొత్త గ్యాస్‌ని అడ్డుకోవడమే దీనికి కారణం. మోడల్‌లో దీన్ని ఇలా పెట్టండి: సముద్రంనుంచి గాలికి వెళ్ళే ప్రవాహం = 70 × (1 + 10 × పై పొర కార్బన్ ఎంత వంతు పెరిగిందో). ఆ ప్రవాహం పై పొర నిష్పత్తినే మోసుకెళ్తుంది.

దీని ఫలితం చాలా చిత్రంగా ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ మొత్తం విషయంలో పై పొర గాలితో ఏడాది లోపే రాజీకి వచ్చేస్తుంది, ఎందుకంటే కొంచెం తీసుకుంటే చాలు నిండిపోతుంది. నిష్పత్తి విషయంలో రాజీకి పదేళ్ళ దాకా పడుతుంది (664ని 70తో భాగించండి), ఎందుకంటే కరిగిన కార్బన్ అంతా ఒక్కొక్కటిగా మారాలి. ఒకే గ్యాస్, ఒకే సముద్రం, రెండు వేగాలు. రెవెల్ ఫ్యాక్టర్‌ని తీసుకెళ్ళి కార్బన్-14 నిష్పత్తికి నేరుగా తగిలించేవాళ్ళు చాలామంది. వద్దు. అది కార్బన్ మొత్తానికి సంబంధించింది, నిష్పత్తి దాని వెనకాల తనంతట తానే వస్తుంది.

గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉండాలో మోడల్‌నే కనుక్కోమనకండి, మొదటిసారి అయితే అసలే వద్దు. మంచు పొరల్లోంచీ, 1958 తర్వాత హవాయిలోని మౌనా లోవా కొండ మీదనుంచీ కొలతలు ఉన్నాయి, వాటిని నేరుగా గాలి పెట్టెలో పెట్టేయండి. ఇంధనం ఇచ్చింది, సముద్రం తీసుకుంది పోగా లెక్క తేలని మిగులు ఉంటే దాన్ని నేల పెట్టెలోకి గాలి నిష్పత్తితో పంపండి. మిగులు మైనస్ వస్తే, అడవులు నరికిన దశాబ్దాల్లో వస్తుంది, నేలనుంచి నేల నిష్పత్తితో గాలిలోకి రప్పించండి.

బాంబు

సహజంగా గాలి మొత్తంలో ఉన్న కార్బన్-14 బరువు 820 కిలోలు. వాతావరణంలో జరిపిన అణు పరీక్షలు కలిపి పుట్టించింది దాదాపు 1400 కిలోలు. మన యూనిట్లలో సుమారు వెయ్యి, అంటే 240 ఏళ్ళ సహజ ఉత్పత్తి కొన్నేళ్ళలో వచ్చి పడింది. అందులో పెద్ద భాగం 1961, 62లదే. 1963లో పాక్షిక నిషేధ ఒప్పందం జరిగాక అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ గాలిలో పేల్చడం ఆపేశాయి. ఉత్తరార్ధగోళంలో గాలి నిష్పత్తి 1963-64లో దాదాపు రెట్టింపయ్యింది. దక్షిణాన కొంచెం ఆలస్యంగా, తక్కువ ఎత్తుకి చేరింది. 1954లోనే కొలవడం మొదలైన న్యూజిలాండ్ వెల్లింగ్టన్ రికార్డులో అది తేటగా కనిపిస్తుంది.

మోడల్‌లో మొదటి ప్రయత్నంగా మూడోవంతు 1954-58 మధ్య, మిగతా రెండొంతులు 1961-62లో గాలి పెట్టెలో పోయండి. గీత పైకి లేచి పడుతుంది, చూడ్డానికి బాగుంటుంది. ఇప్పుడు కొలతలు పక్కన పెట్టండి. మీ గాలి గీత అసలు కొలతల కంటే నిదానంగా దిగుతుంది, సముద్రం పై పొర గీత అసలుకంటే బాగా ఎత్తుకి పోతుంది. అసలు పై పొర 1970లలో గరిష్ఠానికి చేరింది, చాలాచోట్ల ప్లస్ 100, 150 పర్ మిల్ ప్రాంతంలో. మీ మోడల్‌లో అది పైపైకి పోయి అక్కడే నిలబడుతుంది.

36 గిగాటన్నులు తప్పా? వెయ్యేళ్ళ లెక్కకి తప్పు కాదు. 70నీ 36నీ మార్చి మార్చి చూడండి, బాంబు గీతని సరిచేస్తే లోతు సముద్రం మరీ కుర్రది అయిపోతుంది, లోతుని సరిచేస్తే బాంబు చెడుతుంది. మూడు నాలుగు సాయంత్రాలు ఇలా గింజుకోండి, దీన్ని నేను కావాలనే చేయిస్తాను. పెట్టెల రూపమే సరికాదని చేత్తో తెలుసుకోవాలి. 75 మీటర్ల పై పొర కింద ఒక్కసారిగా 3700 మీటర్ల లోతు బావి ఉన్నట్టు మనం కట్టాం. నిజం సముద్రంలో మధ్యలో కొన్ని వందల మీటర్ల థర్మోక్లైన్, అంటే కిందికి పోయేకొద్దీ నీళ్ళు గబగబా చల్లబడే పొర, ఉంది. అది పదేళ్ళలో నిండుతుంది, అడుగు వెయ్యేళ్ళలో నిండుతుంది. బాంబు కార్బన్ వెళ్ళి దాక్కున్నది ఆ మధ్య పొరలో.

లోతుని పొరలుగా కోయడం

1975లో స్విట్జర్లాండ్ బెర్న్‌లో ఓష్గర్, సీగెన్‌థాలర్ బృందం చేసింది ఇదే. పై పొర కింద ఒకే పెట్టె బదులు నిలువుగా పొరలు పేర్చి, పక్క పొరల మధ్య విసరణంతో (డిఫ్యూజన్, ఎక్కువున్న చోటునుంచి తక్కువున్న చోటుకి ఇంకడం) కార్బన్ కదిలేలా పెట్టారు. విసరణ గుణకం ఏడాదికి సుమారు 4000 చదరపు మీటర్లు.

ఇక్కడికి వచ్చాక స్ప్రెడ్‌షీట్ వదిలేసి పైథాన్‌కి మారండి, నంపై అనే లెక్కల లైబ్రరీ ఉంటే చాలు. 50 మీటర్ల పొరలు 74 పెడితే 3700 మీటర్లు అవుతుంది. ప్రతి పొర నిష్పత్తి మార్పు: విసరణ గుణకం × (తనకి పైనున్న పొర నిష్పత్తి + తనకి కిందున్న పొర నిష్పత్తి − 2 × తన నిష్పత్తి) ÷ మందం వర్గం, అందులోంచి క్షయం తీసేయాలి. అడుగు పొరకి కింద ఎవరూ లేరు, అక్కడ మూత.

కాలపు అడుగు విషయంలో జాగ్రత్త. విసరణ గుణకాన్ని కాలపు అడుగుతో గుణించి మందం వర్గంతో భాగిస్తే 0.5 కంటే తక్కువ రావాలి. నెల అడుగుతో 50 మీటర్ల పొరలకి 0.13 వస్తుంది, హాయిగా నడుస్తుంది. "ఇంకా నాజూకుగా చేద్దాం" అని పొరని 25 మీటర్లు చేస్తే అదే 0.53 అవుతుంది, నిష్పత్తులు ప్లస్, మైనస్ మధ్య ఊగి ఊగి ఆకాశానికి పోతాయి. అప్పుడు అడుగుని వారానికి తగ్గించాలి, లేదా ఇంప్లిసిట్ పద్ధతి (కొత్త విలువలన్నిటినీ సమీకరణాలుగా ఒకేసారి సాధించేది) వాడాలి.

దీనికీ కాగితం తనిఖీ ఉంది. 0.000121ని 4000తో భాగించి వర్గమూలం తీసి 3700తో గుణిస్తే 0.64. దాని హైపర్‌బోలిక్ టాంజెంట్‌ని మళ్ళీ 0.64తోనే భాగిస్తే 0.88. అంటే లోతు సగటు నిష్పత్తి పై పొర నిష్పత్తిలో 0.88 వంతు: 0.945 × 0.88 = 0.83. కొలత 0.84! గుణకం 4000 ఎందుకు పెట్టారో దీంతో తేలిపోయింది. మీ కోడ్ నిలకడ స్థితిలో ఇదే ఇవ్వాలి.

మళ్ళీ బాంబు పెట్టండి. ఈసారి పై పొర అంత ఎత్తుకి పోదు, గాలి త్వరగా దిగుతుంది. అయినా పూర్తిగా కుదరదు. బాంబు కొలతలకి సరిపెట్టాలంటే గుణకం 4000 కంటే బాగా పెద్దది కావాలి. అంటే మొదట్లో చెప్పిన రెండు గడియారాలు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నాయి. థర్మోక్లైన్‌లోకి నీళ్ళు కేవలం నిలువుగా ఇంకడం లేదు, చలి ప్రాంతాల్లో ఆ పొరలు పైకి తేలి గాలిని తాకి, పక్కనుంచి జారి లోపలికి వస్తున్నాయి. మీ మోడల్‌కి ధ్రువాల దగ్గర లోతుని నేరుగా గాలికి చూపించే ఒక కిటికీ పెడితే ఇది చాలావరకు సర్దుకుంటుంది. దాని విస్తీర్ణం సముద్రంలో పదోవంతు దగ్గర మొదలుపెట్టి ఆడించండి.

ఈ కొట్లాట మన ఇంటి లెక్కకే పరిమితం కాదు. గాలి వేగాన్ని బట్టి సముద్రం ఎంత గ్యాస్ మార్చుకుంటుందో చెప్పే వానింకోఫ్ సూత్రాన్ని సముద్రంలో చేరిన బాంబు కార్బన్ మొత్తానికి సరిపెట్టే తయారుచేశారు. 1992లో గుణకం 0.31. ఆ మొత్తం మునుపు అనుకున్నదానికంటే తక్కువని తేలాక, గాలి వేగాల డేటా కూడా మెరుగుపడ్డాక 2014లో 0.251కి దిగింది. మన 70 గిగాటన్నులని కూడా అందుకే రాతిమీద గీత అనుకోకుండా 60, 80 పెట్టి చూడమంటాను.

గాలి పెట్టెని ఉత్తరం, దక్షిణం, స్ట్రాటోస్ఫియర్ (వాతావరణంలో పై అంతస్తు)గా విడగొట్టడం తేలికే. రెండు అర్ధగోళాల మధ్య గాలి మారడానికి ఏడాది చిల్లర పడుతుంది, బాంబులో ఎక్కువ భాగం ముందు స్ట్రాటోస్ఫియర్‌లో పోయండి. 14 డిగ్రీల అక్షాంశంలో ఉన్న నెల్లూరుకి మాత్రం "ఉత్తరం" అనే ముద్ర నేరుగా అతకదు, నైరుతి రుతుపవనాల్లో మన మీదికొచ్చే గాలి భూమధ్యరేఖ దాటి వచ్చిన గాలి.

మన తీరానికి ఒక పెట్టె

గవ్వల దగ్గరికి వద్దాం. ప్రపంచ సగటు పై పొర వయసుని మన ఒడ్డుకి అలాగే అతికించకూడదు, స్థానిక తేడా కలపాలి. బంగాళాఖాతంలో గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ, పెన్న పోసే మంచినీళ్ళు ఉప్పునీటి మీద తేలికపాటి మూతలా పరుచుకుంటాయి, కిందినుంచి పాత నీళ్ళు పైకి రావడం అరేబియా సముద్రం పడమటి ఒడ్డుల్లో అంత గట్టిగా ఉండదు. దీనివల్ల పై పొర కుర్రగా ఉండాలి. ఎదురు తిరిగే సంగతి ఏంటంటే పెన్న కడప బేసిన్ సున్నపురాళ్ళ మీదుగా వస్తుంది, అక్కడ కరిగిన కార్బన్‌లో కొంత భాగం నిష్పత్తి సున్నా. నది మొగలోనో పులికాట్ లాంటి ఉప్పునీటి సరస్సులోనో పెరిగిన గవ్వ ముసలిదిగా కనిపించొచ్చు. ఏది గెలుస్తుందో చోటుని బట్టి మారుతుంది.

మోడల్‌లో 20, 30 మీటర్ల లోతు చిన్న తీర పెట్టె చేసి, దానికి మూడు తూములు పెట్టండి: గాలి, బయటి పై పొర, నది. నది కార్బన్ నిష్పత్తిని 0.7 నుంచి 1 దాకా మార్చి చూడండి, నది ప్రవాహాన్ని వాన నెలల్లో పెంచి వేసవిలో దాదాపు ఆపేయండి. ఈ పెట్టె చిన్నది కాబట్టి దీని మీద ప్రపంచం ప్రభావం ఉంటుంది గానీ ప్రపంచం మీద దీని ప్రభావం ఉండదు, అందుకని పెద్ద మోడల్ ఫలితాన్ని ఫైల్‌గా తీసుకుని విడిగా నడపొచ్చు.

దీన్ని సరిచూడ్డానికి కావలసింది 1950కి ముందు, ఏ ఏడాది సేకరించారో చీటీ మీద రాసి ఉన్న, బతికుండగా పట్టిన గవ్వలు. పాత మ్యూజియం సేకరణల్లో ఉంటాయి. ఉత్తర హిందూ మహాసముద్రానికి దత్తా, భూషణ్, సోమయాజులు 2001లో ఈ పద్ధతిలోనే స్థానిక సవరణలు కొలిచి ప్రచురించారు, ముందు అవి తెచ్చుకుని మీ తీర పెట్టెతో పోల్చండి. ఒడ్డున ఏరిన ఖాళీ గవ్వ ఇందుకు పనికిరాదు, అది ఎప్పుడు చచ్చిందో ఎవరికీ తెలియదు. గవ్వని ల్యాబ్‌కి పంపేటప్పుడు ఏ జాతి, బురద తినేదా నీళ్ళు వడపోసేదా, నది మొగకి ఎంత దూరంలో దొరికింది అనేవి రాసి పంపండి. బురద తినే జాతి పాత మట్టిలోని కార్బన్‌ని కూడా పెంకులో కలుపుకుంటుంది, దాన్ని ఏ పెట్టె మోడలూ సవరించలేదు.